రెండు రోజుల సైక్లింగ్‌కి యాభై అయిదు రోజుల వెతుకులాట: నా అనుభవం

2024 నవంబరు 17, ఆదివారం సాయంత్రం మా కొట్టు ముందు టీ తాగుతూ, రెండు రోజుల సైకిల్ యాత్రకి చోటు వెతకడం మొదలుపెట్టాం. నలుగురం కలిసి సైకిళ్లతో బయల్దేరింది 2025 జనవరి 11న. మధ్యలో 55 రోజులు "ఎక్కడికి" అన్న ఒక్క మాట దగ్గరే గడిచిపోయాయి. ఒడిశా గజపతి జిల్లాలోని మా పర్లాకిమిడి చుట్టూ కొండలే. ఎటు చూసినా కొండ కనిపించే ఊళ్లో ఉండి ఏ కొండకి వెళ్లాలో తేల్చుకోలేకపోయామంటే నవ్వొస్తుంది కానీ, జరిగింది అదే.

మేం నలుగురం. నాకు ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టు. మెడికల్ షాపు బావ వరసకి బావ కాడు, ఊరంతా బావా అంటే నేనూ బావా అంటాను. మాస్టారు హైస్కూల్లో లెక్కలు చెప్తారు, మా అందరికన్నా పన్నెండేళ్లు పెద్ద. నాలుగోవాడు నా క్లాస్‌మేట్, బరంపురంలో బ్యాంకు ఉద్యోగం. మా ముగ్గురివీ పదిహేను నుంచి ఇరవై వేల మధ్య సైకిళ్లు, ముందు చక్రానికే షాక్ అబ్జార్బర్ ఉండేవి. బరంపురం వాడిది మాత్రం 85 వేల సైకిల్, రెండు చక్రాలకీ షాకులే. వాడి సైకిల్ చూసి వాడే మాలో మొనగాడు అనుకునేవాళ్లం.

మొదటి చిక్కు తారీఖు. బ్యాంకుకి రెండో శనివారం, నాలుగో శనివారం మాత్రమే సెలవు. అంటే డిసెంబరు నుంచి సంక్రాంతి లోపు డిసెంబరు 14, డిసెంబరు 28, జనవరి 11. మాస్టారికి శనివారం కూడా బడి ఉంటుంది, సీఎల్ పెట్టాలి. నేనూ బావా కొట్లు మూసుకోవాలి, అది మా ఇళ్లల్లో వేరే కథ. సంక్రాంతి లోపు నలుగురూ కుదిరే శనివారాలు మూడే ఉన్నాయని మొదటి రోజే కాగితం మీద రాసుకుని ఉంటే సగం గొడవ తగ్గేది. మేం ముందు కొండ పేర్లు రాసుకున్నాం.

ఆ పేర్లతోనే ఇంకో చిక్కు. మాస్టారు గ్రూపులో మహేంద్రగిరి లొకేషన్ పెట్టారు. నొక్కి చూస్తే వెయ్యికి పైగా కిలోమీటర్లు చూపిస్తోంది! అది తమిళనాడులో ఇస్రో వాళ్లు రాకెట్ ఇంజన్లు పరీక్షించే మహేంద్రగిరి. మన గజపతి జిల్లా మహేంద్రగిరి మా ఊరికి రెండు గంటల దూరం కూడా లేదు. దానికి కొయిన్‌పూర్ మీదుగా వెళ్లాలి, అది రాయగడ బ్లాకులో ఉంది అన్నాను. "రాయగడైతే రైలుకి పోదాం" అన్నాడు బావ. ఆ రాయగడ వేరే జిల్లా కేంద్రం బావా, ఇది మన జిల్లాలోని రాయగడ బ్లాకు అని చెప్పేసరికి టీ చల్లారిపోయింది. ఈ సరిహద్దులో పేర్లు ఇలాగే ఉంటాయి. ఆర్. ఉదయగిరి మనది, జి. ఉదయగిరి కంధమాల్‌ది. చంద్రగిరి అంటే తిరుపతి పక్కది ఒకటి, మోహనా దగ్గర టిబెటన్లు ఉండేది ఒకటి. లొకేషన్ పంపేవాళ్లు పక్కన జిల్లా పేరు కూడా రాయండి, దండం పెడతాను.

వారం రోజులకి నాలుగు పేర్లు మిగిలాయి. నాకు దేవమాలి కావాలి. 1,672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తయిన కొండ. ఫోటో పెడితే ఆ మాట కింద రాసుకోవచ్చని ఆశ, అంతకు మించి నా దగ్గర కారణం లేదు. మాస్టారిది మహేంద్రగిరి, 1,501 మీటర్లు, పైన భీముడి గుడి, కుంతి గుడి, ధర్మరాజు గుడి. బావ చంద్రగిరి అన్నాడు, మోమోల కోసమని మొహం మీదే చెప్పాడు. బరంపురం వాడు కంధమాల్ జిల్లా దరింగ్‌బాడి అన్నాడు. ఓటింగ్ పెడితే నలుగురికీ తలా ఒక ఓటు పడింది.

దేవమాలి నవంబరు 25నే పోయింది. మా ఊరి నుంచి సాలూరు వెళ్లి, సుంకి ఘాటీ ఎక్కి, పొట్టంగి దాటి సెమిలిగుడ వైపు పోవాలి. సైకిళ్లు వేసుకెళ్లడానికి టాటా ఏస్ డ్రైవర్‌ని అడిగితే రానూ పోనూ 11,000 అన్నాడు, రాత్రి బత్తా వేరే. పోయేసరికి సగం రోజు అయిపోతుంది, తిరిగి రావడానికి ఇంకో సగం. మిగిలేది ఒక పూట. ఆ ఒక్క పూట కోసం తలకి దాదాపు మూడు వేలు. నేనే నోరు మూసుకున్నాను. చిత్రమేమిటంటే, "దేవమాలే బాగుంటుందిరా, డబ్బుదేముంది" అని నన్ను ఎగదోసినవాడు బరంపురం వాడు. అప్పుడు నాకు అనుమానం రాలేదు.

డిసెంబరు 1, ఆదివారం. మహేంద్రగిరిని ముందు ఒకసారి చూసొద్దామని నేను, బావ, మాస్టారు బయల్దేరాం. బరంపురం వాడికి ఆడిట్ ఉందట. టాటా ఏస్ 1,800 రూపాయలు. మూడు సైకిళ్లనీ ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి, మధ్యలో పాత బొంతలు వేసి కట్టాం. కొయిన్‌పూర్ దగ్గర దించి నా సైకిల్ తొక్కితే చెయిన్ ఒక గేరు మీద నిలబడదు. రెండు పళ్లు దూకుతుంది, మళ్లీ వెనక్కొస్తుంది. వెనక్కెళ్లి వంగి చూస్తే, చెయిన్‌ని ఒక గేరు నుంచి ఇంకో గేరుకి మార్చే డీరైలర్ ఉంటుంది కదా, దాన్ని బిగించే హ్యాంగర్ లోపలికి వంగింది. రెండు మూడు మిల్లీమీటర్లు, అంతే. బావ సైకిల్ హ్యాండిల్ దాని మీద ఆనుకుని ఊరి గుంతలన్నీ దాటింది మరి. చేత్తో వంచబోతే మాస్టారు వారించారు: "అల్యూమినియం నాయనా, విరిగితే ఇంటిదాకా మోసుకుపోతావ్." మధ్య గేరులో పెట్టి రోజంతా దానితోనే లాగాను. కొత్త హ్యాంగర్ ఆన్‌లైన్‌లో 450, మా ఊరికి రావడానికి ఆరు రోజులు పట్టింది. అప్పటి నుంచి సైకిళ్లని నిలబెట్టే కడుతున్నాం. గేర్లున్న కుడివైపు బయటికి ఉండాలి, పాత ట్యూబుల్ని పట్టీల్లా కోసి బిగించాలి. తాడు జారుతుంది, ట్యూబు జారదు.

ఎక్కడం సంగతి ఎంత చెప్పినా ఒకటే, కష్టం. బండ్లు పోయే దారే పైదాకా ఉంది. మేం సగం తొక్కాం, సగం నెట్టాం. మాస్టారు ఒక్కసారీ నెట్టలేదు. ఒకే వేగంతో, ఏదో లెక్క చేసుకుంటున్నట్టు, మెల్లగా ఎక్కిపోయారు. పైన మంచు. గుడి దగ్గర నిలబడితే పది అడుగుల అవతల మనిషి కనపడడు. రాళ్ల గుడి మీద చెయ్యి పెడితే ఐసు ముక్కలా ఉంది. ఆ పది నిమిషాలకి మాత్రం ఎన్ని గంటలైనా ఎక్కొచ్చు.

దిగేటప్పుడు తెలిసింది అసలు సంగతి. మావి తీగతో లాగే డిస్క్ బ్రేకులు. మలుపు మీద మలుపు, నొక్కిన బ్రేకు వదలడానికి లేదు. మూడో కిలోమీటరుకి కాలిన వాసన మొదలైంది. మొదట ఎవరో చెత్త తగలబెడుతున్నారు అనుకున్నాను. బావ ఆగి, సీసాలో నీళ్లు చక్రం పళ్లెం మీద నాలుగు చుక్కలు పోశాడు. పెనం మీద పోసినట్టు చుయ్యిమని పోయాయి. వేళ్లు ముడుచుకుపోయి తెరవడానికి రావట్లేదు, ఒక్కొక్కటీ ఇంకో చేత్తో విప్పుకోవాల్సి వచ్చింది. అక్కడి నుంచి ప్రతి రెండు మలుపులకీ ఆగుతూ దిగాం. ఎక్కేటప్పుడు ఎవరం ఏం మాట్లాడలేదు, ఊపిరి చాలక. దిగేటప్పుడూ మాట్లాడలేదు, అది భయం. ఇంటికొచ్చి చూసుకుంటే బ్రేకు ప్యాడ్లు అద్దంలా మెరుస్తున్నాయి. కొత్తవి రెండు జతలు, ఒక్కోటి 350.

ఆ రాత్రి గ్రూపులో ఇదంతా రాశాను. బరంపురం వాడు రెండు రోజులు జవాబివ్వలేదు. డిసెంబరు 3న "దరింగ్‌బాడి చూడండి" అని ఒక్క ముక్క పెట్టాడు.

సరే, దరింగ్‌బాడి చూద్దాం అనుకున్నాం. 14వ తేదీకి మాస్టారి బడిలో పరీక్షలు, కుదరలేదు. 28కి గదుల కోసం ఫోన్లు మొదలుపెడితే అది సంవత్సరాంతం. ఒడిశాలో డిసెంబరు చివర పిక్నిక్ అంటే ఏంటో తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. డీజే బాక్సులు, గ్యాసు పొయ్యిలు, మాంసం, రోడ్డు పక్కన పగిలిన సీసాలు. సైకిల్ టైరుకి ఆ సీసా పెంకుల కన్నా పెద్ద శత్రువు లేదు. అయినా ఒక లాడ్జి వాడు రెండు గదులిస్తానంటే వెయ్యి రూపాయలు అడ్వాన్సు పంపాను. డిసెంబరు 20న అల్పపీడనం వర్షం పట్టుకుంది. కోత కోసి పొలాల్లో ఉంచిన వరి పనలు తడిసిపోయాయి. మాస్టారికి ఎకరంన్నర పొలం ఉంది, ఆయన మొహం చూసి సైకిల్ మాట ఎత్తడానికే సిగ్గేసింది. 23న ఆయనే ఫోన్ చేసి, "ఈసారికి నన్ను వదిలేయండి, వడ్లు ఆరబెట్టుకోవాలి" అన్నారు. ముగ్గురం వెళ్లడం బాగోదని మానుకున్నాం. లాడ్జి వాడు అడ్వాన్సు ఇవ్వలేదు. రూలు ప్రకారం ఇవ్వక్కర్లేదట. అడిగి తీసుకోని రూలు అది, నాదే తప్పు.

డిసెంబరు 29, ఆదివారం. బరంపురం వాడు వాళ్ల అమ్మగారిని చూడటానికి ఊరొచ్చాడు. సాయంత్రం నలుగురం కొట్టు ముందు కూర్చున్నాం. సంక్రాంతి లోపు ఇక ఉన్నది జనవరి 11 ఒక్కటే. 13 భోగి, 14 సంక్రాంతి. ఇంట్లోవాళ్లు ఏమంటారో అందరికీ తెలుసు. నేను మళ్లీ మహేంద్రగిరి ఎత్తాను. "ప్యాడ్లు మార్చాం కదా, నీదేమో ఆయిల్ బ్రేకు, నీకేటి భయం" అన్నాను వాడితో. వాడు "కోరాపుట్ వైపు పోదాంరా, రైలుంది" అన్నాడు. నాకు చిర్రెత్తింది. "ఒరే, నువ్వు వెళ్లడానికి చెప్తున్నావా, మానడానికి చెప్తున్నావా?" అనేశాను.

వాడు షర్టు పై గుండీ విప్పి కాలర్ పక్కకి లాగాడు. ఎడమవైపు కాలర్ బోన్ మీద జానెడు కుట్లు. ఆగస్టులో బాత్‌రూమ్‌లో జారిపడ్డానని చెప్పాడు మాకు. మేం కూడా ఒకసారి ఫోన్ చేసి పలకరించి ఊరుకున్నాం. బాత్‌రూమ్ కాదు, తప్తపాణి ఘాటీ దిగుతూ వానలో జారాడు. లోపల ప్లేటు వేశారు. డాక్టరు నవంబరులోనే తొక్కుకోవచ్చన్నాడట. ఫ్లాటు రోడ్డు మీద రోజూ ఇరవై కిలోమీటర్లు తొక్కుతున్నాడు కూడా. దిగుడు కనపడితే మాత్రం చేతులు రెండూ బ్రేకు మీద బిగుసుకుపోతాయి, వాటంతటవే. దూరం ఊళ్ల పేర్లన్నీ అందుకే చెప్పాడు. ఖర్చో, సెలవో అడ్డొచ్చి మనమే మానేస్తామని. 85 వేల సైకిల్ పెట్టుకుని దిగలేనని ఎలా చెప్పనురా అన్నాడు.

కాసేపు ఎవరం మాట్లాడలేదు. మాస్టారే అన్నారు: "మొదటి రోజే చెప్పుంటే బావ మోమోలు ఎప్పుడో తినేవాడు కదా." ఐదు నిమిషాల్లో తేలిపోయింది. చంద్రగిరి. అక్కడ కొండలు చుట్టూ ఉంటాయి, మధ్యలో మొక్కజొన్న చేలు, ఎర్రమట్టి బాటలు, చిన్న చిన్న ఎత్తు పల్లాలు. పది నిమిషాల పాటు ఆగకుండా దిగే దిగుడు లేదు. బరంపురం నుంచి వాడు కారులో నేరుగా రావచ్చు. మేం ఆర్. ఉదయగిరి, మోహనా మీదుగా వెళ్లొచ్చు. వాడు కారు కూడా తప్తపాణి ఘాటీ మీదుగానే తేవాలి, దానికి మాత్రం భయం లేదన్నాడు.

జనవరి 11 ఉదయం ఐదింటికి టాటా ఏస్ వచ్చింది. శనివారం దించి ఆదివారం మళ్లీ వచ్చి తీసుకెళ్లడానికి మొత్తం 4,500. ఆర్. ఉదయగిరి దాటాక కొంత దూరం తొక్కుదామని దిగాం. టీ కొట్టతను ఒడియాలో ఒకటే చెప్పాడు: లఖారీ అభయారణ్యం వైపు ఏనుగులు తిరుగుతాయి, పొద్దు వాలాక సైకిల్ మీద ఉండొద్దు, అడవి బాటలోకి అసలే పోవద్దు. అభయారణ్యంలోకి అనుమతి లేకుండా పోయే ఆలోచన మాకూ లేదు. నాలుగున్నరకల్లా గదిలో ఉండాలని అక్కడే ఒప్పుకున్నాం.

ఏనుగు రాలేదు కానీ గడ్డి వచ్చింది. డిసెంబరు వానకి తడిసిన వరి అంతా ఇప్పుడు రోడ్ల మీదే ఆరుతోంది. బండ్లు తొక్కితే గింజ రాలుతుందని పనలు అడ్డంగా పరిచారు. లారీకి అది లెక్కలేదు. నా సైకిల్ వెనక డీరైలర్‌లో రెండు చిన్న పళ్ల చక్రాలుంటాయి కదా, వాటి ఇరుసుకి ఒక్కో గడ్డిపోచ చుట్టుకుంటూ చుట్టుకుంటూ, జడ అల్లినట్టు అయ్యి, చెయిన్ కదలకుండా పట్టేసింది. చేత్తో లాగితే పై పోచలే తెగుతాయి. వడ్లు తిరగేస్తున్న ఒక ఆవిడ చూసి నవ్వి, చేతి గాజుకున్న పిన్నీసు తీసిచ్చింది. దానితో ఒక్కో పోచా లాగడానికి ఇరవై నిమిషాలు. ఆ రోజు అలా మూడుసార్లు. ఆ పిన్నీసు ఇప్పుడు నా పంక్చర్ కిట్‌లో ఉంది, ఆవిడ తిరిగి తీసుకోలేదు.

చంద్రగిరి చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. బరంపురం వాడు అప్పటికే ఒక మూసిన హోటల్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. పక్కదీ మూసే ఉంది, దాని పక్కదీ. బావ మొహం చూడాలి. ఒక ముసలావిడ జపమాల తిప్పుకుంటూ పోతుంటే హిందీలో అడిగాం. చలికాలం కదా, అందరూ ఊళ్లకి స్వెటర్లు అమ్ముకోవడానికి వెళ్లారు, ఫిబ్రవరిలో వస్తారు అంది. బరంపురం వాడు తన ఒంటి మీది స్వెటర్ చూసుకున్నాడు. నవంబరులో బరంపురంలో టిబెటన్ల దగ్గరే కొన్నాడట, 900కి. అరవైలలో చిన్నపిల్లగా వచ్చిందట ఆవిడ. ఈ టిబెటన్ ఊళ్లు 1963లో వెలిశాయి. తెరిచి ఉన్న ఒకే ఒక్క హోటల్ ఆవిడే చూపించింది. అక్కడ థుక్పా అనే నూడుల్స్ సూపు ఉంది, మోమోలు గంటకి గానీ కావు. గంట కూర్చున్నాం. బావ మూడు ప్లేట్లు తిన్నాడు.

గెస్ట్‌హౌస్ రెండు గదులు, గదికి వెయ్యి. వేడినీళ్లు బకెట్ లెక్కన. ఐదున్నరకల్లా చీకటి, ఏడింటికి పళ్లు కొట్టుకునే చలి. పద్మసంభవ విహారం పక్కనే ఉంది, 2010 జనవరిలో దలైలామా వచ్చి ప్రారంభించింది. మాస్టారు ఒక్కరే సాయంత్రం వెళ్లి కూర్చుని వచ్చారు. మేం ముగ్గురం రగ్గులో దూరి కాళ్లకి నొప్పుల మందు రాసుకున్నాం, బావ షాపుదే, ఎమ్మార్పీకే ఇచ్చాడు.

ఆదివారం పొద్దున్న ఆరున్నర నుంచి పదకొండు దాకా చేల మధ్య బాటల్లో తొక్కాం. 55 రోజులు వెతికింది ఈ నాలుగున్నర గంటల కోసమే. ఎర్రమట్టి, మంచు తడికి కొంచెం గట్టిపడి, టైరు కింద కరకరమంటుంది. టైర్లలో గాలి కొంచెం తగ్గించుకుంటే రాళ్ల మీద ఎగరడం తగ్గింది. టిబెటన్ల క్యాంపుల్లో కుక్కలు మాత్రం దూడలంత ఉన్నాయి, సైకిల్ కనపడితే వెంట పడతాయి. తొక్కి తప్పించుకోలేం. మాస్టారు చెప్పినట్టు దిగి, కుక్కకీ మనకీ మధ్య సైకిల్ ఉండేలా నడిపించుకుంటూ పోతే అవే విసుగొచ్చి వెనక్కి పోయాయి.

ఒకచోట బాట వాగులోకి దిగుతుంది, మహా అయితే యాభై గజాలు. నేనూ బావా దిగిపోయాం. పైన బరంపురం వాడు ఆగాడు. కింద నుంచి చూస్తే వాడి రెండు చేతులూ బ్రేకుల మీద ఉన్నాయి. మేం ఏమీ అనలేదు. మాస్టారు వెనక నుంచి వచ్చి, వాడి పక్కనే సైకిల్ దిగి, "నా మోకాలు పట్టేసింది నాయనా, నడిచి దిగుదాం" అన్నారు. మహేంద్రగిరి మొత్తం ఎక్కిన మోకాలు అది! ఇద్దరూ నడుచుకుంటూ దిగారు. తిరిగొచ్చేటప్పుడు అలాంటిదే ఇంకో పల్లం వస్తే వాడు సీటు కిందికి దించుకుని, అంగుళం అంగుళం బ్రేకు వదులుతూ దిగాడు. నేను చూడనట్టు నీళ్లు తాగాను.

లెక్క అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. నాకు ఆ రెండు రోజులకీ బండి 1,500, గది 500, తిండి 600. అంతకుముందు మహేంద్రగిరి వెళ్లొచ్చినందుకు 600, పోయిన అడ్వాన్సులో నా వాటా 250, హ్యాంగరూ ప్యాడ్లూ 1,150. మొత్తం 4,600. ఆదివారం రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరితే మా ఆవిడ పిండివంటల మధ్య నుంచి లేవకుండానే బియ్యప్పిండి జల్లెడ నా చేతిలో పెట్టింది.

భోగి పొద్దున్న మంట దగ్గర ఫోన్ మోగింది. మాస్టారు గ్రూపులో కొత్త లొకేషన్ పెట్టారు, కింద "ఫిబ్రవరి 8, రెండో శనివారం, ఉదయగిరి" అని. బావ వెంటనే అడిగాడు: "ఏ ఉదయగిరి మాస్టారూ?" దానికింద బరంపురం వాడి మెసేజ్: "అక్కడ దిగుడు ఎంతుంది?"